పొయ్యికొక ఇల్లు

సంగవ్వ చీర మోకాళ్ల పైకి దోపుకొని, కొట్టం గోడకు ఒక చెయ్యి ఆనించి, మట్టి తొక్కుతోంది. తూర్పు ఇంకా తెల్లబడలేదు. కర్ఖేలి స్టేషను దాటిపోయే పొద్దుటి బండి కూత మాత్రం అయిపోయింది. వాగు ఒడ్డు నల్లమట్టి, పాడుబడ్డ ఇళ్ల పాటిమట్టి, అందులో ఎద్దుపేడ, జొన్నపొట్టు, ఒక గుప్పెడు బూడిద. రాత్రంతా నానిన మట్టి చలికి కాళ్లను కొరుకుతోంది. తొక్కుతుంటే మట్టి కాలివేళ్ల సందుల్లోంచి జిగురుగా సాగి రావాలి. పుటుక్కున తెగిందంటే ఇంకా తొక్కాలన్నమాట. ఆ సంగతి ఆమె కాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఊళ్లో తెలుగోళ్ల వాడలో జొన్నరవ్వ గట్క ఉడికినా, గంజి కాగినా సంగవ్వ వేసిన పొయ్యి మీదే. కొత్త కోడలు కాపురానికొస్తే ఆమెను పిలుస్తారు. అన్నదమ్ములు తన్నుకొని వేరుపడితే అప్పుడూ ఆమెనే పిలుస్తారు. ధాన్యం పోసుకునే గుమ్మి పురుగు పట్టకుండా అలకాలన్నా ఆ చెయ్యే. బక్కపలుచటి మనిషి, బొట్టు లేని నొసలు, ఏళ్ల తరబడి తడిమట్టిని నునుపు చేసి చేసి పలకబారిన బొటనవేళ్లు. ఆమె వేసిన పొయ్యి పగిలిందన్న మాట ఇంతవరకు ఎవరి నోటా రాలేదు. కాకపోతే పొయ్యి వేసి, అలికి, చేతులు కడుక్కొని ఆమె పక్కకు తప్పుకోవాలి. అగ్గి ముట్టించేది ముత్తైదువ. మొగుడు పోయిన ఆడదాని చెయ్యి మట్టికి పనికొస్తుంది గాని నిప్పుకు పనికిరాదట. ఏం న్యాయమో అది!

చేసిన పనికి చేటలో జొన్నలు పోస్తారు, ఒక్కోసారి కందులు, పండక్కి ఒక పాత చీర. అవన్నీ తెచ్చి మరిది మారోతి ఇంటి గుమ్మిలో కలుపుతుంది. మొగుడు భోజన్న పెద్ద జ్వరాల్లో పోయిన ఏటినుంచీ అదే వాడుక. మరిది ఇంట్లో తింటుంది, మరిది బర్రెల కొట్టంలో ఒక మూల పడుకుంటుంది. ఊరందరికీ పొయ్యిలు వేసిన మనిషికి తనదంటూ పొయ్యి లేదు. కలిసున్న కుటుంబంలో విధవరాలికి వేరే పొయ్యి లేకపోవడమే మర్యాద, అదే ఇంటికి పరువు. ఆమె కూడా అట్లాగే అనుకుంది, మొన్నటి దాకా.

మొన్న సర్కారు దర్యాప్తు ఊళ్లోకి వచ్చింది. నిజాం ఇలాకా మొత్తంలో ఏ జిల్లాలో ఏ ఇంటికి ఏడాదికి ఎంత వస్తోంది, ఎంత తింటున్నారు అని రాసుకోవడమట. నాందేడ్ దిక్కు జొన్న తినేవాడికి ఎంత, వరంగల్ దిక్కు వరి తినేవాడికి ఎంత, ఒకే ఊళ్లో పటేలుకెంత, పాలేరుకెంత, ఆ తేడా తేల్చాలట. తేడా ఉందని తెలియడానికి హైదరాబాద్ నుంచి మనిషి రావాలా అని చావడి దగ్గర జనం నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే కలిగినవాళ్లు పన్ను పెరుగుతుందన్న భయంతో గింజలు దాచేశారు. లేనివాళ్లు పరువు పోతుందని పొరుగింటి ఇత్తడి బిందె తెచ్చి వాకిట్లో పెట్టుకున్నారు. ఒకే సొట్టబిందె మూడిళ్ల వాకిళ్లలో కనిపించిందంటే చూసుకోండి.

రాయడానికి వచ్చిన వెంకట్రావ్ పంతులుకు ముప్పై ఏళ్లుండవు. చంకలో కాగితాల సంచి, చెప్పు కరిచిన కాలితో కుంటి నడక. మారోతి వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, నాందేడ్ కచేరీ అలవాటు కొద్దీ మరాఠీలో అడిగాడు. మారోతీ మరాఠీలోనే చెప్పాడు. మెట్ట చెలక ఇంత, ఎడ్లు రెండు, బర్రె ఒకటి, మనుషులు ఇంతమంది. ముసలామె ఒకతె ఉంది గదా, ఆమె సంపాదన ఏమిటని పంతులు అడిగితే మారోతి చెయ్యి అట్లా గాల్లో ఆడించాడు.

"తీ బసూన్ ఖాతే."

కూర్చుని తింటుందట!

గోడకు ఇవతల సంగవ్వ ఆ ఇంటి గుమ్మినే అలుకుతోంది. మరాఠీ ఆమెకు తెలుగెంతో అంత వచ్చు. చేతిలో పేడముద్ద చేతిలోనే ఉండిపోయింది. మారోతి చెడ్డవాడు కాదు, కోపంతోనూ అనలేదు. ఇవాళ మబ్బు పట్టిందన్నంత తేలిగ్గా అన్నాడు. ఆమెకు మండిందీ అందుకే. ఆమె ఆ ఇంటికి కోడలై వచ్చిననాడు వాడు దోగాడుతున్నాడు. అత్త చచ్చిపోతే వాడి ముక్కు తుడిచిందీ, బువ్వ తినిపించిందీ ఆమే. వాడి పెళ్లికి ఇంట్లో పొయ్యి వేసిందీ ఆమే.

ఆ సాయంత్రం చేదబావి దగ్గర పంతుల్ని ఆపి తన పేరు వేరే రాయమని అడిగింది. ఆయన విసుక్కోలేదు. తన చేతిలో లేదన్నాడు. పొయ్యికొక ఇల్లు, ఇంటికొక కాగితం, పైనుంచి వచ్చిన కట్టడి అది. సొంత పొయ్యి మీద వండుకు తినేవాళ్లే వేరే ఇల్లు. మిగిలిన ఇళ్లు రాసుకొని ఎల్లుండి సాయంత్రం బండికి ధర్మాబాద్ వెళ్లిపోతాను, ఈలోగా పొయ్యి వేసుకుంటే పోయేముందు వచ్చి చూస్తానన్నాడు.

ఆ ఎల్లుండి ఇవాళే. నిన్న గంగుబాయి ఇంట్లో పొయ్యి వేసి తెచ్చిన జొన్నల్ని సంగవ్వ గుమ్మిలో పొయ్యలేదు. కొంగున మూటగట్టి తల కింద పెట్టుకుంది. తన జొన్నల మీద తనే దొంగలా పడుకుంది.

మట్టి పాకానికి వచ్చింది. కొట్టం మూలన, వానజల్లు పడనిచోట, నేల చదును చేసి మూడు రాళ్లు పాతింది. మామూలుగా ఆమె రాళ్లు పెట్టదు. పొయ్యంటే ఒట్టి మట్టితో ఎత్తాలి, నీడన రోజుల తరబడి ఆరాలి, రెండు పూతలు పడాలి, అప్పుడు నిప్పు చూడాలి. పచ్చిపొయ్యిలో మంట పెడితే పగలక ఏమవుతుంది? ఆ సంగతి ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు? అయినా సాయంత్రానికి నిలబడేది కావాలంటే ఇదొక్కటే దారి. రాళ్ల చుట్టూ మట్టిని పలుచగా మెత్తింది. చేత్తో వంపు తిప్పింది. పైన కుండ కూర్చోడానికి మూడు గుబ్బలు నిలిపింది. జీవితంలో మొదటిసారి, పగులుతుందని తెలిసి తెలిసి పొయ్యి వేస్తోంది. పగలనీ.

ఎడమ భుజం లాగింది. చలికి పట్టేసిందనుకొని కుడిచేత్తో నాలుగుసార్లు రుద్దుకుంది. కాసేపు గోడకు ఆనుకొని గాలి పీల్చుకొని మళ్లీ వంగింది.

పాలు పిండడానికి చెంబుతో వచ్చిన ఇందుబాయి, మారోతి పెళ్లాం, చెంబు పట్టుకొని అక్కడే ఆగిపోయింది. ఆమెది మెత్తటి మనసే గాని నోరు తొందర. ముసలిదాన్ని వెళ్లగొట్టామని ఊరంతా అంటుందని, లోకులు పలుగాకులని, తను ఏ రోజైనా కంచం లాక్కుందా అని, లాక్కుంటే చూపించమని ఏడుపు మొదలుపెట్టింది. సంగవ్వ మట్టి చేతులతోనే ఆమె వైపు తిరిగింది.

"నేను వేరువడుతలేను ఇందూ. ఒక్క పూట వండుకుంట, గంతే. రేపటికెల్లి మళ్ల నీ చేతి బువ్వనే."

ఆ మాట ఇందుబాయికి తలకెక్కలేదు. ఒక్క పూట కోసం పొయ్యి వేసేవాళ్లను ఆమె ఎక్కడా చూడలేదు మరి. బర్రెను పిండకుండానే చెలకలోకి మొగుడి కోసం పోయింది.

మారోతి వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది. ముల్లుగర్ర చేతిలో అట్లాగే ఉంది. వాడెప్పుడూ వదినె ముందు గొంతు పెంచడు, ఇవాళ పెంచాడు.

"గిదేం పని వదినె? నీకు తిండి పెడుతలేనా నేను?"

"పెడుతున్నవు. నేను తెచ్చిందే పెడుతున్నవు. కూసుండి తింటలేను."

మాట రాని మనిషికి కాలు లేస్తుంది. మారోతి పచ్చిపొయ్యిని తన్నడానికి పాదమెత్తాడు. సంగవ్వ తల ఎత్తలేదు. ముందటి గుబ్బ మీద అరచెయ్యి పెట్టి, ఎదురుగా లేచి ఉన్న ఆ పాదాన్ని చూస్తూ కూర్చుంది. మడమ మీద రూపాయి బిళ్లంత మచ్చ. చిన్నప్పుడు కొరివి తొక్కితే వాణ్ని నెల రోజులు చంకనేసుకొని తిరిగి ఆమె మాన్పిన మచ్చ. పాదం కొంతసేపు అట్లాగే ఉండి, పక్కకు దిగింది.

"కూసుండి తింటే కొండలు గూడ కరుగుతయంటరు," అన్నాడు గొంతు తగ్గించి. "ఊకె నోట్లకెల్లి అచ్చిన మాట అది. దానికి గింత చేస్తరా?"

"నువ్వు అన్నవు, మరిచిపోతవు. గాళ్లు రాసుకొని పోతున్నరు మారోతీ. నేను సచ్చినంక గూడ గదే ఉంటది."

వాడు ముల్లుగర్రతో నేల మీద గీకాడు. ఏం అనాలో తెలియని మొగవాళ్లంతా అంతే, నేలనో ఎడ్లనో పొడుస్తారు. వెళ్లబోతుంటే సంగవ్వ వెనకనుంచి అంది, పొద్దుగూకినాక రమ్మని, ఇవాళ తన పొయ్యి మీద తినమని. వాడు వెనక్కి తిరక్కుండా, పోయి పని చూసుకుంటాననేసి చెలక దారి పట్టాడు.

ఆమె విసుర్రాయి ముందు కూర్చుంది. జొన్నలు గట్కకు పనికొచ్చేట్టు బరకగా విసరాలి. ఎడమచెయ్యి సాయం రాలేదు, కుడిచేత్తోనే తిప్పింది. మధ్యమధ్య ఆగింది. చెమట పట్టింది, ఆ చలిలో చెమటేమిటని తనే ఆశ్చర్యపోయింది. పొయ్యిలో రెండు పిడకలు పేర్చింది. నాలుగు ఎండుపుల్లలు పెట్టింది. ఇక నిప్పు కావాలి. ఇందుబాయి పొయ్యిలోంచి తెచ్చుకోవాలి, ఆమె ముఖం చూస్తే అడగబుద్ధి కాలేదు. అగ్గిపెట్టె కోసం దుకాణానికి పోవాలంటే కాళ్లు ఒప్పుకోవడం లేదు.

ఇంతలో కొట్టం గడప దగ్గర చప్పుడైంది. ఇందుబాయి కుండపెంకులో నాలుగు నిప్పుకణికలు తెచ్చి, గడప మీద పెట్టి, ఒక్కమాట మాట్లాడకుండా వెళ్లిపోయింది. ముత్తైదువ చేత్తో ముట్టించనూ లేదు, వద్దనీ అనలేదు. సంగవ్వ కణికల్ని పిడకల కిందికి తోసింది. నిప్పు తనే ముట్టించింది. ఎన్నేళ్లయిందో ఆ పని చేసి! పెదవులు ముందుకు చాపి ఊదుతుంటే బూడిద కళ్లల్లో పడింది.

పచ్చిపొయ్యి ఊరికే ఉంటుందా? కొట్టమంతా పొగ, ఆవిరి. బర్రె తాడు తెంపుకునేంత పని చేసింది. ఎసరు మరిగే లోపల నడి గుబ్బ దగ్గర టప్పుమని పగిలింది. సంగవ్వ తడిమట్టి తీసి, బొటనవేలితో ఆ పగుల్లోకి నొక్కింది. వేలు చురుక్కుమంది. ఎప్పుడూ వేలి గుర్తుల్ని తడిగుడ్డతో తుడిచి పొయ్యిని అద్దంలా చేసేది, ఇప్పుడు అంత తీరిక లేదు. కర్రతో గట్క కలిపి, ఉప్పేసి, ఎర్రకారం నూరుకొని కూర్చుంది.

వెంకట్రావ్ పంతులు వచ్చేసరికి ఎండ ఎర్రబడింది. కొట్టంలోకి వచ్చి, పొగకు కళ్లు నులుముకుంటూ వంగి చూశాడు. పొయ్యి పక్కన వేలు ఆనిస్తే వేలికి మట్టి అంటింది.

"ఇది పొద్దున వేసిందే గదా అవ్వా?"

"అవును పంతులూ. పొయ్యి ఎన్నడు వెయ్యాల్నో మీ సర్కారు చెప్పిందా?"

ఆయన ఆలోచించాడు. నిజమే, పొయ్యి వయసు గురించి కట్టడిలో ఏమీ లేదు. దాని మీద వండాలి, వండింది తినాలి, అంతే ఉంది. ఆ మాటే చెప్పాడు. అప్పుడొచ్చింది అసలు చిక్కు. పరాయి మొగవాడి ముందు ఆమె ఎట్లా తింటుంది? చూడకుండా ఆయన ఎట్లా రాస్తాడు? చివరికి పంతులు గడప మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. సంగవ్వ కంచంలో వేడి గట్క పెట్టుకొని, కారం నంజుకొని, కావాలనే చప్పుడు చేస్తూ నాలుగు ముద్దలు తింది. అయిందా అని ఆయన అడిగాడు, అయిందని ఆమె చెప్పింది. ఆయన ఇటు తిరిగి కాగితం తీశాడు.

ఏం పని చేస్తావన్న దగ్గర మళ్లీ ఆగిపోయారు. వ్యవసాయం ఉంది, కూలి ఉంది, కుమ్మరం, కమ్మరం, అన్నీ ఉన్నాయి, పొయ్యిలు వేయడం లేదు. కూలి అని రాయనా అన్నాడు.

"కూలి కాదు. పొయ్యిలు వేస్త, గుమ్మిలు అలుకుత. గట్లనే రాయి."

అట్లాగే రాశాడు. తర్వాత ఏడాది రాబడి. ఆమె ఇంటింటికీ వెళ్లివచ్చినట్టు చెప్పుకొచ్చింది. గంగుబాయి ఇంట్లో కోడలొచ్చిందని కొత్తపొయ్యి, వానకు కూలిన మైసవ్వ పొయ్యికి మరమ్మత్తు, శంకర్రావు అన్నదమ్ములు వేరుపడ్డారని రెండు పొయ్యిలు, అవి ముట్టించిన రోజు వాళ్లమ్మ ఏ పొయ్యి మీద తినాలో తెలియక పస్తుండటం. ఇదీ రాయాలా అంటే రాయక్కర్లేదన్నాడు, కానీ విన్నాడు. బండి వేళవుతోందని మధ్యలో లేవలేదు. జొన్నలూ కందులూ సేర్లలోకి మార్చి, సేర్లను రూపాయల్లోకి మార్చి చివరికి చదివాడు. ఏడాదికి ముప్పైయొక్క హాలీ రూపాయి, నిజాం నాణెం లెక్కన.

సంగవ్వ ఇంకోసారి చదవమంది. ఆమె బతుకును రూపాయల్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ముప్పైయొక్కటి! ఎక్కువో తక్కువో ఆమెకు తెలియలేదు, కూర్చుని తినేదానికి మాత్రం అంత రాదు.

"వరంగల్ దిక్కు గూడ పోతవా పంతులూ? ఆడ పొయ్యిలు వేసేదానికి ఎంతొస్తది?"

"ఇంక చూడలేదు అవ్వా. ఉంటే అడిగి రాస్త."

"ఎక్కువొస్తే?"

"ఎక్కువొచ్చిందని రాస్త."

"ఎందుకొచ్చిందో గది గూడ రాయి."

పంతులు మొదటిసారి నవ్వాడు. దానికే ఇదంతా అన్నాడు. ఆపైన సంచిలోంచి మారోతి కాగితం వెతికి తీసి, ఆ ఇంటి మనుషుల్లో ఒకరి మీద అడ్డంగా గీత కొట్టాడు. ఒక మనిషి రెండిళ్లలో ఉండకూడదు గదా. తను అడిగిందే, తను కోరుకున్నదే. అయినా ఆ గీత చూస్తే సంగవ్వకు ఏడుపొచ్చింది. పొగ పేరు చెప్పి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పంతులు చెప్పు చేతిలో పట్టుకొని, ఒక కాలు ఈడ్చుకుంటూ స్టేషను వైపు పోయాడు.

కాసేపటికి బండి కూసింది. పోయింది. ముప్పైయొక్క రూపాయి ధర్మాబాద్ పోతోందనుకుంటే ఆమెకు నవ్వొచ్చింది. మిగిలిన గట్క కుండను మళ్లీ పొయ్యి మీదికెక్కించి, పుల్లలు వెనక్కి లాగి, నిప్పు కణికల మీద ఉంచింది. మారోతి చల్లారిన గట్క తినడు, చిన్నప్పటినుంచీ అంతే. కంచం కడిగి పక్కన పెట్టింది. కారం కొంచెం ఎడంగా పెట్టింది. గొంగడి భుజాల మీదికి లాక్కొని గోడకు చేరబడింది. నొప్పి భుజం నుంచి ఛాతీలోకి దిగింది. పొద్దుటినుంచీ వంగున్నందుకు పట్టేసిందనుకుంది. రేపు లేచి ఈ పగులుకు ఇంకో పూత వెయ్యాలి, అట్లా వదిలేస్తే చూసినవాళ్లు సంగవ్వ వేసిన పొయ్యేనా ఇది అంటారు. వాకిట్లో అడుగుల చప్పుడు వినిపిస్తుందేమోనని చెవి పెట్టి కూర్చుంది.

మారోతి పొద్దుగూకినాకే వచ్చాడు. ఎడ్లను కట్టేసి, కాళ్లు కడుక్కొని, ఇంట్లోకి పోబోయి, ఆగి, కొట్టంలోకి వచ్చాడు. వదినె గోడకు చేరబడి కళ్లు మూసుకొని ఉంది. పొద్దుటి కోపం ఇంకా పోలేదనుకున్నాడు. పలకరించడానికి మొహం చెల్లక, కంచం దగ్గరికి లాక్కొని పొయ్యి ముందు కూర్చున్నాడు. కుండలోంచి తనే వడ్డించుకున్నాడు. పొద్దుటినుంచి చెలకలో ఒట్టి కడుపుతో ఉన్నవాడు, ఆవురావురుమని తిన్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"ఉప్పు జెర్ర ఎక్కువైంది వదినె," అన్నాడు, ఆమెతో మాట కలపాలని. ఎప్పుడైనా ఆ మాటంటే నీ పెళ్లాం చప్పిడి కూరకు అలవాటు పడ్డావు అని దెప్పేది. ఏమీ అనలేదు. కంచం తుడుచుకుంటూ తినేశాడు. చెయ్యి కడుక్కొని, రేపు పొద్దున్నే ఎర్రమట్టి తెచ్చిస్తానని, ఈ పగులు పూడ్చుకోమని చెప్పాడు. అప్పటికీ పలకకపోయేసరికి, జారిపోయిన గొంగడి కప్పుదామని వంగాడు. మట్టి ఎండి చారలు కట్టిన ఆమె పాదం చేతికి తగిలింది.

"వదినె," అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి ఆ గొంతుకు ఇందుబాయి లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది.

వాడ జనమంతా వచ్చారు, సంగవ్వ వేసిన పొయ్యిల మీద ఎసరు అట్లాగే వదిలేసి. ఆమెను కొట్టంలోంచి వాకిట్లోకి తెచ్చి పడుకోబెట్టారు. చావు జరిగిన ఇంట్లో నిప్పు ఉండకూడదని ఎవరో అన్నారు. మారోతి, అది మా పొయ్యి కాదు, మా వదినెది, దాన్ని ఎవరూ ముట్టొద్దన్నాడు. ఎవరూ ముట్టలేదు. ఖాళీకుండ కింద కణికలు చాలాసేపు ఎర్రగా ఉన్నాయి. నడి గుబ్బ మీది పగుల్లో నొక్కిన మట్టి ఆ వేడికి ఆరి గట్టిపడింది, దాని మీద పలకబారిన బొటనవేలి అచ్చు ఒకటి.